బడే మియా: బంతినే కొలువుగ నమ్మిన మనిషి

(కిరందులులో జరిగిన మన సంఘ వార్షికోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



ప్రతి సంవత్సరము ఈ సభలో నన్నయ భట్టును గూర్చియో, పోతనామాత్యుని గూర్చియో ఒక పండితుడు ప్రసంగించుట మన ఆచారము. ఈ యేడు ఆ భారము నాపై బడినది. నేను పండితుడను కాను. ముప్పది యేండ్లు జమాఖర్చుల కాగితములతో కాలము గడపినవాడను. కనుక నాకు కొంచెము తెలిసిన విషయమునే ఎన్నుకొంటిని. ఈ సాయంకాలము ఒక ఫుట్‌బాలు ఆటగానిని గూర్చి మాటలాడ దలచితిని. ఆయన పేరు మహమ్మద్ హబీబు. కలకత్తావారు ఆయనను ప్రేమతో "బడే మియా" అని పిలిచిరి.

ఈ విషయమును ఎన్నుకొనుటకు కారణము చాల చిన్నది. గడచిన శ్రావణమాసములో ఒకనాటి సాయంకాలము మన కాలనీ మైదానము ప్రక్కగా ఇంటికి పోవుచుంటిని. అప్పుడే వాన వెలిసినది. బైలడిల్లా కొండమీదనుండి దిగిన ఎఱ్ఱనీరు మైదానపు అంచున నిలిచియున్నది. పిల్లలు మోకాళ్లవరకు ఎఱ్ఱబురద పూసికొని బంతి ఆడుచున్నారు. మన సహోద్యోగి ఒకరు వచ్చి, తొమ్మిదవ తరగతి చదువుచున్న తన కుమారుని చేయి పట్టుకొని బయటికి తెచ్చిరి. "ట్యూషను వేళ దాటిపోయింది. ఈ ఆట రేపు నీకు అన్నం పెడుతుందా?" అని మందలించిరి. బాలుడు తండ్రికి బదులు చెప్పలేదు. నన్ను చూచి, "మామయ్యగారూ, మనవైపు వాళ్లలో ఫుట్‌బాల్ ఆడి బ్రతికినవాళ్లు ఒక్కరైనా లేరా?" అని అడిగెను.

నేను "ఉన్నారు" అంటిని. "ఎవరు?" అనెను. చీకటి పడుచుండెను. తండ్రి తొందరపడుచుండెను. చెప్పుటకు వేళ చాలలేదు. ఆనాడు బాకీపడిన జవాబే ఈ ఉపన్యాసము. ఆ తండ్రికొడుకులిరువురును ఈ సభలోనే ఉన్నారు. ప్రశ్న ఆ బాలునిదే యైనను, జవాబు మనయందరికిని సంబంధించినదని నా నమ్మకము.

హబీబు 1949 జూలై నెలలో హైదరాబాదు నగరమున జన్మించెను. అది ఆ నగరపు ఫుట్‌బాలుకు మంచికాలము మొదలగుచున్న వేళ. అందుకు మూలపురుషుడు సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు. ఆయన బడిపంతులు. 1950లో హైదరాబాదు నగర పోలీసు జట్టుకు శిక్షకులై, ఆ జట్టుచేత బొంబాయిలోని రోవర్సు కప్పును వరుసగా ఐదేండ్లు, అనగా 1954 వరకు, గెలిపించిరి. భారతదేశపు జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడలలో స్వర్ణపతకము పొందినదియు, 1956లో మెల్బోర్ను ఒలింపిక్సునందు నాల్గవ స్థానమున నిలిచినదియు ఆయన శిక్షణలోనే. జకార్తా విజయమైన మరుసటి యేటనే, 1963 జూన్ నెలలో, కాన్సరు వ్యాధిచే ఆయన పరమపదించిరి.

రహీం సాహెబు పద్ధతి పంతులుగారి పద్ధతియే. బాలురకు ఎడమకాలు చేతకాకపోయినచో, బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలు పెట్టించువారు. బంతిని తనవద్దనే అట్టిపెట్టుకొని మురియువారుండినచో, బంతితో ఒంటరిగ పరుగెత్తరాదని నియమము గల పోటీలు పెట్టించువారు. తప్పును తిట్టి మాన్పుటకంటె, ఆ తప్పునకు తావులేని ఆటను కల్పించుట మేలని ఆయన ఎరింగిరి. రహీం సాహెబు మరణించునాటికి హబీబు పదునాలుగేండ్లు నిండని బాలుడు. అయినను ఊరిగాలియే ఆ చదువుతో నిండియుండెను. అన్నదమ్ములు సైతము ఫుట్‌బాలు ఆటగాండ్రైన ఇంట పుట్టినవానికి ఆ గాలి తగులకుండ ఎట్లుండును?

ఆంధ్రప్రదేశ్ జట్టు జాతీయ పోటీలలో సంతోష్ ట్రోఫీని గెలిచినది 1965-66లో. ఆ తరువాత, 1966లో, పదునేడేండ్ల హబీబు కలకత్తా చేరి ఈస్టు బెంగాల్ క్లబ్బులో ప్రవేశించెను.

కలకత్తా ఫుట్‌బాలును గూర్చి ఒక్కమాట చెప్పవలెను. అచ్చట మూడు పెద్ద క్లబ్బులు కలవు: మోహన్ బాగాన్, ఈస్టు బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగు. మొదటి రెండు క్లబ్బులకు నడుమ పోటీ జరిగిన దినమున ఊరు రెండుగ చీలిపోవును. ఈస్టు బెంగాల్ గెలిచినచో ఆ పక్షమువారి యిండ్లలో ఇలిష్ చేప ఉడుకును. మన గోదావరి జిల్లాలవారి పులసయే అది. మోహన్ బాగాన్ గెలిచినచో ఆ పక్షమువారు రొయ్యలు వండుకొందురు. అట్టి నగరములో బయటివాడొకడు ఒక క్లబ్బునుండి మరియొక క్లబ్బునకు మారుట సామాన్యవిషయము కాదు. నిన్న పూలదండ వేసిన చేతులే రేపు రాయి విసరవచ్చును.

బదిలీ యననేమో మనకు వేరుగ చెప్పనక్కరలేదు. సామానులు కట్టుట, పిల్లల బడి మార్చుట, క్రొత్తయూరిలో పాలవాడు మొదలుకొని పరిచయము చేసికొనుట మనయందరికిని అనుభవమే. హబీబు బదిలీలను చూడుడు. 1966లో ఈస్టు బెంగాల్. 1968లో మోహన్ బాగాన్. 1970లో తిరిగి ఈస్టు బెంగాల్. 1975లో మహమ్మదన్ స్పోర్టింగు. 1976లో మరల మోహన్ బాగాన్. ఆ తరువాతను ఈ మూడు క్లబ్బుల నడుమనే తిరుగుచు, సుమారు పదునెనిమిదేండ్లు ఆ మైదానముననే గడపెను. ఇన్నిమారులు మారినను మూడు క్లబ్బులవారును ఆయనను తమవానిగనే తలంచిరి. కారణమొక్కటే. ఏ రంగు చొక్కా తొడిగినను, ఆ తొంబదినిమిషములును ఆ రంగునకే తన సత్తువనంతటిని ధారపోసెను.

ఇక అసలు సంగతికి వత్తును. ఆ కాలమున మన దేశములో ఫుట్‌బాలు ఆడువారికి సాధారణముగ ఒక ఉద్యోగముండెడిది. రైల్వేలు, పోలీసు, సైన్యము, బ్యాంకులు, కస్టమ్సు శాఖ ఆటగాండ్రకు కొలువులిచ్చెడివి. ఉదయము ఆట, పగలు ఆఫీసు. హబీబునకు పెద్దన్నవంటివాడైన తులసీదాస్ బలరాంనే తీసికొనుడు. ఆయన సికిందరాబాదు ప్రక్కన అమ్ముగూడలో పుట్టినవాడు. మెల్బోర్ను, రోము ఒలింపిక్సులలో ఆడి, జకార్తాలో స్వర్ణము పొందిన జట్టులోనివాడు. ఆయన కడపట ఆడినది బి.ఎన్.ఆర్. అనబడు ఆగ్నేయ రైల్వే జట్టునకు. మన కిరందులునుండి కొత్తవలసకు పోవు ఈ రైలుమార్గమును మొదట ఏ రైల్వే నడిపినదో, ఆ రైల్వేయే అది. 1963లో, ముప్పది యేండ్లు నిండకమునుపే, జబ్బు చేసి బలరాం ఆట మానవలసివచ్చెను. ఆట ఆగినను రైల్వే కొలువు మిగిలెను.

ఇది విని మన సహోద్యోగి "నేను చెప్పినదియు అదియే గదా" అని తల యూచుచున్నారు. నిజమే. ఆయన మాటలో న్యాయము కలదు. దానిని నేను కాదనను.

కాని హబీబు ఆ కొలువును కోరలేదు. ఉద్యోగములు ఎదురుగ వచ్చినను కాదని, క్లబ్బులిచ్చు సొమ్ముతోనే బ్రతుక నిశ్చయించెను. అందుచేతనే ఆయనను మన దేశమున ఫుట్‌బాలునే పూర్తి వృత్తిగ స్వీకరించినవారిలో మొదటివానిగ చెప్పుదురు. ఆ నిశ్చయమునందలి సాహసమును, నెల మొదటి తేదీన జీతము లెక్కించుకొను మనము ఒక్కనిమిషము ఆగి తలంపవలెను. కాలు విరిగినచో సెలవు జీతము లేదు. ముప్పదియైదేండ్లు దాటినచో పింఛను లేదు. అట్టి మనిషికి సాధనయే ప్రావిడెంటు ఫండు. పెందలకడ నిద్రించుట, తెల్లవారకమునుపే లేచుట, ఒళ్లు చెడు తిండికిని తిరుగుళ్లకును దూరముగ నుండుట హబీబు నియమములు. తనతోపాటు బసలో ఉన్న చిన్నవారిచేత కూడ ఆ నియమములను పాటింపజేసెడివాడని ఆయనతో ఆడినవారు చెప్పుదురు. శిక్షకుడను పేరు రాకమునుపే ఆయన శిక్షకుడైనాడనుట సత్యము.

ఆట సంగతి కొంచెము చెప్పెదను. హబీబు భారీమనిషి కాడు. ముందువరుసలో ఆడి గోలులు కొట్టెడివాడు. అంతటితో ఊరకుండక, బంతి ఎదుటివారికి చిక్కగనే వెనుకకు పరుగెత్తి దానిని తిరిగి తెచ్చువాడు. 1969లో సంతోష్ ట్రోఫీ పోటీలలో బెంగాలు పక్షమున ఆడి అందరికంటె అధికముగ గోలులు సాధించెను. 1970 మొదలు 1975 వరకు ఈస్టు బెంగాల్ వరుసగా ఆరుమారులు కలకత్తా లీగును గెలిచెను. అందు మొదటి ఐదేండ్లును హబీబు ఆ జట్టులోనే ఉండెను.

1970 డిసెంబరు నెలలో బాంకాకులో ఆసియా క్రీడలు జరిగెను. మన జట్టునకు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్. ఆయనయు హైదరాబాదువాడే. శిక్షకులిరువురిలో ఒకరు హైదరాబాదునకు చెందిన జి.ఎం.హెచ్. బాషా. రెండవవారు పి.కె. బెనర్జీ. హబీబు ముందువరుసలో ఆడెను. అర్ధాంతిమపు పోటీలో బర్మా చేతిలో ఓడినను, మూడవ స్థానమునకై జరిగిన ఆటలో జపానును ఒక్క గోలుతో గెలిచి మనవారు కంచుపతకము తెచ్చిరి. ఆ తరువాత నేటివరకు ఆసియా క్రీడలలో పురుషుల ఫుట్‌బాలునందు మనకు పతకము రాలేదు.

1976లో మోహన్ బాగాన్ పక్షమున హబీబు, ఆయన తమ్ముడు అక్బరు కలిసి ఆడిరి. ఈస్టు బెంగాల్‌తో జరిగిన లీగు పోటీలో ఆట మొదలైన పదునేడు క్షణములకే అక్బరు గోలు కొట్టెను. ప్రేక్షకులలో పలువురు ఇంకను కూర్చుండనైన లేదు! మరుసటి సంవత్సరము, 1977 సెప్టెంబరు 24వ తేదీన, ఈడెన్ గార్డెన్సులో మోహన్ బాగాన్ అమెరికా జట్టైన న్యూయార్కు కాస్మోసును ఎదుర్కొనెను. ఆ జట్టులో పేలే ఉండెను. వానకు తడిసి మైదానము చిత్తడియైయుండెను. ఆట రెండు రెండు గోలులతో సమానముగ ముగిసెను. మనవైపు గోలులు కొట్టినవారు శ్యాం థాపా, హబీబు. లోకమంతయు పేలేను చూడవచ్చిన దినమున, హైదరాబాదు గల్లీలలో ఆట నేర్చిన మనిషి ఆయన యెదుట గోలు కొట్టెను. 1980లో భారత ప్రభుత్వము హబీబునకు అర్జున పురస్కారమునిచ్చెను.

ఆటగాని కథ సాధారణముగ ఇచ్చటనే ముగియును. కాని నాకు ముఖ్యమైన భాగము దీని తరువాతనే మొదలగుచున్నది. ఆట చాలించిన పిమ్మట హబీబు శిక్షకుడాయెను. జంషెడ్‌పూరులో టాటావారు 1987లో ఫుట్‌బాలు అకాడమీని నెలకొల్పిరి. దేశము నలుమూలలనుండి బాలురను ఏరి తెచ్చి, అచ్చటనే ఉంచి, బడిచదువుతోపాటు ఆటయు నేర్పు విద్యాలయమది. హబీబు అందు శిక్షకుడుగ పనిచేసెను. పిమ్మట హల్దియాలో బెంగాలు ఫుట్‌బాలు సంఘమువారి అకాడమీలో ప్రధాన శిక్షకుడుగ నుండెను. తాను ఆడిన మహమ్మదన్ స్పోర్టింగు జట్టునకును శిక్షణ నిచ్చెను.

జంషెడ్‌పూరు ఎట్టి ఊరు? ఇనుము కరగించు ఊరు. మనది ఇనుపరాయి త్రవ్వు ఊరు. అచ్చటివలెనే ఇచ్చటను పలుభాషల ఉద్యోగులు, గోండు, హల్బీ మాటలాడు స్థానికులు, వారివారి పిల్లలు కలిసి పెరుగుచున్నారు. ఆ ఊరిలో ఆటకొక బడి ఉండుటచేత హబీబు వంటివాని విద్య వృథా కాలేదు. ఇది గుర్తుంచుకొనదగిన విషయము.

శిక్షకుని పని యేమి? పతకము ఆటగాని మెడలో వ్రేలాడును. శిక్షకుడు గీత బయట నిలిచియుండును. తనకు కాలితో వచ్చిన విద్యను మాటగ మార్చి ఇతరుని కాలికి అందించుట ఆటకంటె కష్టము. గొప్ప ఆటగాండ్రలో పలువురికి ఇది చేతకాదు. తమకు సులభముగ వచ్చినది ఇతరులకు ఏల రాదో వారికి బోధపడదు. హబీబునకు ఏదియు సులభముగ రాలేదు. తెల్లవారుజాముననే లేచి, కూడబెట్టి సంపాదించినాడు. కనుకనే ఆ కూడబెట్టిన మార్గమును బాలురకు చూపగలిగినాడు.

ఇప్పుడొక బాధాకరమైన మాట. హబీబు పాఠము చెప్పిన ఆ అకాడమీలు జంషెడ్‌పూరులోను, హల్దియాలోను ఉండెను; హైదరాబాదులో లేవు. ఒకప్పుడు దేశపు జట్టులో సగముమందిని పంపగలిగిన నగరమది. ఆంధ్రప్రదేశ్ జట్టు 1965-66 తరువాత సంతోష్ ట్రోఫీని మరల గెలువలేదు. 2024 డిసెంబరులో ఆ ట్రోఫీ కడపటి పోటీలు హైదరాబాదులోనే జరిగెను. గెలిచినది బెంగాలు. రహీం సాహెబు నాటిన చెట్టు కొమ్మలు కలకత్తాలో పూచినవి. వేరు మాత్రము ఎండిపోయెను. ఆటగాండ్రు వెడలిపోవుటచేత ఎండినదని కొందరందురు. నేనట్లనుకొనను. ఆటగాండ్రు ఎప్పుడును వెడలిపోవుదురు. తరువాతి బాలునికి నేర్పువారు సాయంకాలము మైదానమున నిలువని దినమున వేరు ఎండును.

హబీబు తుదిదినములలో పార్కిన్సను వ్యాధి, మతిమరపు ఆయనను బాధించెను. ఇన్ని గోలులు కొట్టిన మనిషికి ఆ జ్ఞాపకములే దూరమైనవి. 2023 ఆగస్టు 15వ తేదీన, తాను పుట్టిన హైదరాబాదులోనే, డెబ్బదినాలుగేండ్ల ప్రాయమున కన్నుమూసెను. ఆయనకు గుర్తులేకపోయినను ఆయన నేర్పినది నేర్చినవారి కాళ్లలో ఉన్నది.

బాబూ, నీ ప్రశ్నకు ఇది నా జవాబు. ఉన్నాడు. ఫుట్‌బాలు ఆడియే బ్రతికినవాడు మనవైపున ఉన్నాడు. కాని నిన్ను మోసపుచ్చను. వేలమంది ఆడగా ఒక్కడు హబీబు అగును. ఆ ఒక్కడును తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచిననే అగును. కనుక చదువు మానకుము. నీ తండ్రిగారు చెప్పినది నీ మేలుకొరకే.

ఇక తండ్రులకొక మాట. ఇది చెప్పుటకు నాకు అధికారమున్నదో లేదో, నా కథ విని మీరే నిర్ణయింపుడు. నా పెద్దకుమారుడు ఈ మైదానముననే ఆడెడివాడు. పదవ తరగతికి రాగానే నేను వాని బూట్లను అటుకపై పడవైచితిని. వాడు మారు పలుకలేదు. బాగుగ చదివెను, బెంగుళూరులో ఇంజనీరై సుఖముగనే ఉన్నాడు. పోయిన వేసవిలో వచ్చినప్పుడు, సాయంకాలము ఒంటరిగ మైదానమువరకు పోయి వచ్చి, "నాన్నా, ఆ బూట్లు ఉన్నాయా?" అని అడిగెను. అటుకపైనుండి దింపితిని. తోలు పగిలి చిట్లిపోయినది. వాడు నవ్వి ప్రక్కన పెట్టెను. నన్ను ఒక్కమాట అనలేదు. వాని ఉద్యోగమునకు నేను కారణమని గర్వపడితిని. ఆ పగిలిన తోలునకును నేనే కారణము. రోజునకొక్క గంట ఆడనిచ్చియుండినచో వాని ఇంజనీరింగు చదువు చెడియుండెడిది కాదని నేడు తోచుచున్నది.

మన చుట్టు చూడుడు. ఈ బస్తరు నేల ఆటకు గొడ్డుపోయినది కాదు. నారాయణపురములో రామకృష్ణ మిషను ఆశ్రమము 1985 నుండి అబూజ్‌మాడ్ బిడ్డలకు బడి నడుపుచున్నది. ఇరువది యేండ్లలోపు యువకుల జాతీయ ఫుట్‌బాలు పోటీలు 2024లో ఆ ఆశ్రమపు మైదానముననే జరిగెను. అదే సంవత్సరమున బస్తరు ఒలింపిక్సు అను క్రీడోత్సవము ఆరంభమాయెను. అందును ఫుట్‌బాలు కలదు. తుపాకి చప్పుళ్లకు పేరుపడిన అడవిలో పిల్లలు ఈలచప్పుడునకు పరుగెత్తుచున్నారు. మనము మాత్రము మన పిల్లలను గోడల నడుమ కూర్చుండబెట్టుచున్నాము.

కాకతీయ వంశమువాడైన అన్నమదేవుడు ఓరుగల్లునుండి వచ్చి ఈ బస్తరు రాజ్యమును స్థాపించెనని ప్రతీతి. మనము రాజ్యములు స్థాపింపనక్కరలేదు. ఉద్యోగరీత్యా వచ్చితిమి; ఉద్యోగరీత్యా పోవుదుము. హబీబును పొట్టకూటికే ఊళ్లు తిరిగెను. కాని పోయిన ప్రతిచోట ఏదో యొకటి నేర్పి వచ్చెను. మన సంఘములో కళాశాల జట్లలో, శాఖల జట్లలో ఆడినవారు నలుగురైదుగురున్నారు. వారు వారమునకు మూడు సాయంకాలములు మైదానమునకు రావలెనని నా ప్రార్థన. మన పిల్లలతోపాటు గనికూలీల పిల్లలను, ప్రక్కపల్లెలనుండి వచ్చు గోండు పిల్లలను గూడ చేర్చుకొనవలెను. బంతులు కొనుటకు సంఘనిధి చాలనిచో నా వంతు నేనిత్తును. నాకు ఆట పోయినది. ఈల ఊదుటకు ఊపిరి మిగిలియున్నది.

సోమవారమునుండి ఐదు గంటలకు మైదానమున నుందును. ఆ బాలుడు వచ్చునని ఆశపడుచున్నాను. ఆరు గంటలకు ట్యూషనునకు నేనే పంపెదనని వాని తండ్రిగారికి ఈ సభాముఖమున మాటయిచ్చుచున్నాను.